సెల్‌ఫోన్ ఆటలు – మోతాదు తెలియని వినోదం

రోగాలకు మూలకారణాలు మూడని చరకసంహిత సూత్రస్థానం 11వ అధ్యాయం నిర్దేశిస్తున్నది. ఇంద్రియాలను వాటి విషయాలతో తగని రీతిలో కలపడం మొదటిది. దీనిని అసాత్మ్యేంద్రియార్థ సంయోగమంటారు. మంచిచెడులు ఎరిగియుండీ తప్పుదారి తొక్కడం రెండవది, ఇది ప్రజ్ఞాపరాధం. ఋతుభేదాల వలన, కాలప్రభావం వలన కలిగేది మూడవది, ఇది పరిణామం. కంటి విషయంలో శాస్త్రకారుడు ఇంకొంచెం వివరంగా చెప్పాడు. మిక్కిలి కాంతిగల వస్తువులను అదేపనిగా చూడడం అతియోగం. మరీ చేరువగా ఉన్నవాటిని చూడడం మిథ్యాయోగం. ఆ అధ్యాయం చదువుతున్నప్పుడల్లా, దీపాలార్పిన గదిలో ముఖానికి జానెడు దూరాన వెలిగే సెల్‌ఫోన్ తెరను మించిన ఉదాహరణ నాకు స్ఫురించడం లేదు.

నా వైద్యశాలకు వచ్చే రోగులలో కొన్నేళ్లుగా ఒక కొత్త కలయిక కనబడుతున్నది. కళ్లమంట, మెడనొప్పి, బొటనవేలి మొదట్లో పోటు, రాత్రి నిద్ర పట్టకపోవడం – ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉంటాయి. సెల్‌ఫోన్‌లో ఆటలు ఆడతారా అని అడిగితే మొదట నవ్వుతారు. "మా అబ్బాయి ఆడతాడండీ, నేనెక్కడ!" అంటారు. కొంతసేపటికి, "ఊరికే, ఆ మిఠాయిలు కలిపే ఆట ఒక్కటే" అని మెల్లగా చెబుతారు. వీరు నలభై, యాభై ఏళ్ల గృహిణులు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, బ్యాంకులలో, పాఠశాలలలో పనిచేసేవారు.

మన ఇళ్లలో ఆటల మీద విమర్శ అంటే పిల్లల మీద, వారి తుపాకుల ఆటల మీద సాగే విమర్శే. పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించినప్పుడు తల్లిదండ్రులు చాలామంది సంతోషించారు. అయితే ఆ నిషేధానికి ప్రభుత్వం చూపిన కారణం దేశభద్రత, సమాచార గోప్యత, ఆరోగ్యం కాదు. ఇక డబ్బు ఒడ్డి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టాలు చేసి నిషేధించాయి. వాటి గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. పందెం లేదు, రక్తం లేదు, బొమ్మలు ముద్దుగా ఉంటాయి, సంగీతం మృదువుగా ఉంటుంది – క్యాజువల్ గేమ్స్ అని వ్యవహరించే ఈ కాలక్షేపపు ఆటలే ఈ వ్యాసానికి విషయం. ఎవరూ అనుమానించరు కనుకనే వైద్యుడు వీటిని పరిశీలించవలసి ఉన్నది.

ఇటువంటి ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్‌ను రూపొందించాడు. 1997లో నోకియా ఫోన్‌లో పాము ఆట వచ్చింది. మన మధ్యతరగతి ఇళ్లలో చాలామంది మొదటిసారి ఫోన్‌లో ఆడిన ఆట ఆ పామే. ఈ రెండింటిలోనూ ఒక మర్యాద ఉన్నది. పేర్చిన ముక్కలు పైదాకా నిండితే టెట్రిస్ అయిపోతుంది. పాము తన ఒంటిని తాను తాకితే ఆట ముగుస్తుంది. మళ్లీ మొదలుపెట్టడం మన ఇష్టం.

2012లో కింగ్ అనే సంస్థ విడుదల చేసిన క్యాండీ క్రష్ సాగాలో పద్ధతి మారింది. ఆటగాడికి 5 ప్రాణాలు ఉంటాయి. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. పోయిన ప్రాణం 30 నిమిషాలకు తిరిగి వస్తుంది. ఆలోగా కావాలంటే డబ్బు చెల్లించాలి, లేదా స్నేహితులను అర్థించాలి. పైకి చూస్తే ఇది మితం పాటింపజేసే ఏర్పాటులా కనబడుతుంది. మా వైద్యశాస్త్రంలో లంఖనమున్నది. అది జఠరాగ్నికి విశ్రాంతినిస్తుంది. ఈ ఆట పెట్టించే లంఖనం ఆకలిని రేపడానికే. అరగంట గడిచేసరికి మనసు పొయ్యి మీది పాలను వదిలి ఫోన్ వైపు పోతుంది.

ఈ కిటుకును మొదట బయటపెట్టినవారు ఆటల రంగంలోని వారే కావడం గమనించదగినది. ఫేస్‌బుక్‌లో 2009లో మొదలైన ఫార్మ్‌విల్ అనే వ్యవసాయపు ఆట లక్షలాది ఇళ్లను పట్టి ఊపుతున్న రోజులలో, అమెరికాలో ఆటలపై పరిశోధన చేసే ఆచార్యుడు ఇయన్ బొగోస్ట్ 2010లో వెక్కిరింతగా ఒక ఆట తయారుచేశాడు. దాని పేరు కౌ క్లిక్కర్. అందులో ఒక ఆవు బొమ్మ ఉంటుంది. దానిని ఒకసారి నొక్కవచ్చు. మళ్లీ నొక్కడానికి 6 గంటలు ఆగాలి. ఆట అంతే. ఇటువంటి ఆటలలోని డొల్లతనాన్ని జనం చూసి నవ్వుకుంటారని ఆయన ఉద్దేశం. జనం నవ్వలేదు సరికదా, 50,000 మందికి పైగా కూర్చుని ఆవును నొక్కారు. 2011 సెప్టెంబరులో ఆయన ఆవులన్నింటినీ మాయం చేశాడు. ఆవులు పోయి ఖాళీ చోటు మిగిలిన తరువాత కూడా కొందరు ఆ ఖాళీ చోటును నొక్కుతూనే ఉన్నారు. ఈ ఆటల మీద ఎన్ని విమర్శ గ్రంథాలు వచ్చినా ఈ ఒక్క ఉదంతానికి సాటిరావని నా అభిప్రాయం.

వియత్నాంకు చెందిన డాంగ్ న్యూయెన్ కథ మరొకటి. ఆయన 2013లో విడుదల చేసిన ఫ్లాపీ బర్డ్ అనే చిన్న పక్షి ఆట మరుసటి సంవత్సరం ప్రపంచమంతటా వ్యాపించింది. డబ్బు రాశులుగా వస్తున్న సమయంలోనే, 2014 ఫిబ్రవరిలో, ఆయన దానిని ఉపసంహరించుకున్నాడు. కొద్ది నిమిషాల విశ్రాంతి కోసం చేసినది వ్యసనంగా మారిందని కారణం చెప్పాడు. తన చేతిమందు వికటిస్తున్నదని తెలిసి అంగడి మూసిన వైద్యుని వంటివాడు, అటువంటివారు అరుదు.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ఇంకొక సూక్ష్మాన్ని చూపింది. క్యాండీ క్రష్‌లో పూర్తిగా ఓడిపోవడం కంటె, ఒక్క అడుగు దూరంలో గెలుపు తప్పిపోవడం మనిషిని ఎక్కువ చికాకు పెడుతుంది. అదే సమయంలో ఇంకొకసారి ఆడాలన్న ఆరాటాన్నీ పెంచుతుంది. చికాకు కలిగిన పనిని మానుకోవడం లోకసహజం. ఇక్కడ చికాకే మళ్లీ ఆడిస్తున్నది.

మెచ్చుకున్నవారి మాట కూడా వినవలెను. డెన్మార్క్ పండితుడు జెస్పర్ యూల్ 2010లో ప్రకటించిన గ్రంథంలో, కాలక్షేపపు ఆటలు మనిషి దినచర్యలోని చిన్న ఖాళీలకు ఒదుగుతాయనీ, ఎప్పుడైనా ఆపి తిరిగి అందుకోవచ్చుననీ, అంతవరకు ఆటలకు దూరంగా ఉన్నవారికి తలుపు తెరిచాయనీ వాదించాడు. ఇది సత్యమే. టెట్రిస్ విషయంలోనైతే, భయంకర దృశ్యాలు చూసిన కొద్దిసేపటికి ఆ ఆట ఆడినవారిలో ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ మనసులో మెదలడం తగ్గినట్లు ఎమిలీ హోమ్స్ బృందం 2009లో చూపింది. అందుచేత ఈ ఆటలన్నీ విషమని తీర్మానించడానికి నేను ఒప్పుకోను. ఆయుర్వేదంలో విషం కూడా యుక్తితో వాడితే ఔషధమే, అన్నం కూడా మితి తప్పితే విషమే. ప్రశ్న మాత్ర గురించి.

మాత్ర అంటే మోతాదు. చరకుడు విమానస్థానంలో కడుపును మూడు భాగాలుగా భావించి, ఒకటి ఘనాహారానికి, ఒకటి ద్రవాలకు, ఒకటి వాతపిత్తకఫాల సంచారానికి వదలమన్నాడు. తగినంత తిన్నామనడానికి గుర్తులు కూడా చెప్పాడు. ఆకలిదప్పులు శాంతిస్తాయి, కడుపులో బరువుండదు, కూర్చున్నా నడిచినా సుఖంగా ఉంటుంది. శరీరమే చాలునని చెబుతుంది. మన అష్టాచెమ్మాలోనూ ఈ చాలు ఉన్నది. కాయలన్నీ పండితే ఆట అయిపోతుంది, లేదా ఎదుటివారు విసిగి లేచిపోతారు. కాలక్షేపపు ఆటలో ఎదుటివారు లేరు. ఒక మెట్టు దాటితే మరొక మెట్టు, వేలకు వేలు మెట్లు. మెట్టు దాటిన సంతోషం నిలిచేలోపల తరువాతి మెట్టు తెరచుకుంటుంది. తృప్తి అనే గుర్తును ఆటలోనుంచి తీసివేశారు. విమర్శకుల మాటలలో వైద్యునికి పనికివచ్చేది ఇదే.

ఒక రోగి విషయం చెబుతాను. వయసు 46, గృహిణి. రెండేళ్లుగా నిద్రలేమి, ఆరునెలలుగా కుడి బొటనవేలి నొప్పి. ఆమెను తీసుకువచ్చిన భర్త, "రాత్రి ఒంటిగంట దాకా ఆ ఆటేనండీ, ఎంత చెప్పినా వినదు" అని ఫిర్యాదు చేశారు. తరువాత మేము మాట్లాడుకుంటున్నంతసేపూ ఆయన మూల కుర్చీలో కూర్చుని తన ఫోన్‌లో క్రికెట్ ఆట ఆడుతూనే ఉన్నారు. ఆమె వాదించలేదు. "నాకు తెలుసండీ డాక్టరుగారూ, తెలిసే ఆడుతున్నాను" అన్నది. ధీ, ధృతి, స్మృతి అనే మూడింటిలో ఆమెకు ధీ చెడలేదు, స్మృతి చెడలేదు. పట్టి ఆపే శక్తి అయిన ధృతి ఒక్కటే సడలింది. పాఠ్యరీత్యా ఇది ప్రజ్ఞాపరాధమే. అయితే అపరాధమంతా ఆమె మీదనే మోపడం నాకు న్యాయంగా తోచదు. అవతల ధృతిని సడలించడమే వృత్తిగా గలవారు ఉన్నారు.

ఆట మానమని నేను చెప్పలేదు. ఎప్పుడెప్పుడు ఆడుతున్నదో వారం రోజులు కాగితం మీద రాయమన్నాను. వారం తరువాత చూస్తే పగలంతా ఖాళీ. రాత్రి పదిన్నర తరువాతనే అంతా. కారణమడిగితే, "అత్తయ్యగారికి మందులిచ్చి, వంటిల్లు సర్ది, రేపటికి పప్పు నానబోసేసరికి పది దాటుతుంది. ఆ తరువాతిదే నా టైము" అన్నది. వ్యాధి మూలం అక్కడ దొరికింది. ఆమె నిద్రను కోసి తన సొంత సమయం సంపాదించుకుంటున్నది. ఆ సమయాన్ని పగటికి మార్చకుండా ఏ కషాయమిచ్చినా వృథా. భర్తను పిలిచి, రాత్రి భోజనాల తరువాత వంటిల్లు సర్దే పని ఆయనకు అప్పగించాను. సాయంత్రం 5 గంటలకు అరగంట ఆమెను ఎవరూ పిలవరాదని, ఆ అరగంటలో ఆట ఆడినా, నిద్రపోయినా, ఊరికే కూర్చున్నా ఆమె ఇష్టమని చెప్పాను. ఆయనకు ఇది వైద్యంలా తోచలేదు. ఫీజు ఇస్తూ ముఖం చిట్లించారు. ఆరువారాలకు నిద్ర దారికి వచ్చింది. బొటనవేలికి మూడునెలలు పట్టింది. ఆమె ఇప్పటికీ ఆ ఆట ఆడుతున్నది, సాయంత్రం అరగంట.

రాత్రి మేల్కొనడం శరీరంలో రూక్షతను, తద్వారా వాతాన్ని పెంచుతుంది. ఆపరాని 13 వేగాలలో నిద్ర, ఆకలి, దప్పిక, మూత్రవేగం చేరి ఉన్నాయి. ఆట మధ్యలో ఈ నాలుగింటినీ బిగబట్టేవారిని నేను చూస్తున్నాను. ముఖ్యంగా పిల్లలు మూత్రం ఆపుకొని కాళ్లు ఊపుతూ ఆడుతుంటే, వెంటనే ఫోన్ తీసుకొని లేపి పంపవలెను.

ఇంట్లో చేసుకోదగిన ఉపచారాలు కొన్ని చెబుతాను. తెర చూసేటప్పుడు మనం రెప్పలార్పడం బాగా తగ్గిపోతుంది. కంటి పొడిదనానికి ఇదే ముఖ్య కారణం. 20 నిమిషాలకొకసారి తల ఎత్తి, 20 అడుగుల దూరాన ఉన్న చెట్టునో గోడనో 20 సెకన్లపాటు రెప్పలార్పుతూ చూడవలెను. ఆట ముగించాక మూసిన కళ్లమీద చల్లని శుభ్రమైన నీటిలో తడిపిన గుడ్డ వేసుకోవలెను. త్రిఫలా కషాయం, తేనె, పన్నీరు, ఆముదం మొదలైనవి ఇంట్లో కళ్లలో పోసుకోరాదు. నేత్ర చికిత్సలు వైద్యుని చేతిమీదుగానే జరగవలెను. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు మర్దన చేయడం చూపుకు, నిద్రకు కూడా మేలని శాస్త్రవచనం. మర్దన చేసిన కాళ్లతో నడిస్తే జారతాయి, పెద్దలు తుడుచుకొని లేవవలెను.

మెడకు ఇదే నూనె రాసి, వేయించిన ఉప్పు మూటతో ఓర్చుకోగలిగిన వేడిలో కాపడం పెట్టవలెను. బొటనవేలి నొప్పికి మొదటి మందు విశ్రాంతి. వావిలాకు వేసి కాచిన నీరు గోరువెచ్చగా చేసి రోజూ పది నిమిషాలు చేతిని ఉంచవచ్చు. వాపు ఉన్నా, మూడువారాలకు తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించవలెను. నిద్రకు గేదెపాలను మించినది లేదని చరకుని మాట. అరగ్లాసు వెచ్చని పాలు చాలును. మధుమేహులు చక్కెర వేసుకోరాదు. ఫోన్‌ను పడకగది బయట ఛార్జింగ్ పెట్టి, అలారానికి వేరే గడియారం కొనుక్కోవడం ఈ అన్నింటికన్న చవకైన చికిత్స.

ఈ ఉపచారాలు లొంగని దశ కూడా ఒకటి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మేలో ఆమోదించి 2022 జనవరి నుండి అమలులోకి తెచ్చిన రోగాల పట్టికలో ఆటల వ్యాధిని చేర్చింది. ఆడడం మీద అదుపు లేకపోవడం, మిగిలిన పనులన్నిటికంటె ఆటే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం – ఈ మూడూ సాధారణంగా 12 నెలలపాటు ఉండి జీవితాన్ని దెబ్బతీస్తే అది వ్యాధి. మామూలుగా ఆడుకునేవారి మీద కూడా రోగి ముద్ర పడుతుందని కొందరు పరిశోధకులు దీనిని ముందే ఆక్షేపించారు. ఆ భయం అర్థరహితం కాదు. కనుక సాయంత్రం అరగంట ఆడే అమ్మమ్మకు ఈ పేరు తగిలించరాదు. బడి మానిన పిల్లవాడు, ఫోన్ తీసుకుంటే చేయి చేసుకునే యువకుడు, అన్నం నిద్ర వదిలిన పెద్దవారు ఇంట్లో ఉంటే మాత్రం, చిట్కాలతో కాలం గడపక మానసిక వైద్యుని సంప్రదించవలెను. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇందుకోసమే షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగం 2014లో ప్రారంభమైంది. దూరం వెళ్లలేనివారు ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.