తూటాకు వేగం కాదు, నిలకడ ముఖ్యం

ఏలూరు

చిరంజీవి శ్రావణికి,

ట్రాప్ షూటింగ్ పోటీలకు ఏ కంపెనీ తూటా కొనాలని అడిగావు. ఏది ఎక్కువ వేగంగా పోతుంది, విదేశీ సరుకే కొనాలా అన్నవే నీ రెండు సందేహాలు. వాటికి జవాబు చెబుతాను గాని, అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది తల్లీ. ఒక డబ్బాలోని 25 తూటాలూ ఒకే తీరుగా పేలతాయా? అదే సరుకు నీకు సీజను మొత్తానికీ సరిపడా దొరుకుతుందా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వచ్చే తూటానే నీకు మంచి తూటా. డబ్బా మీద ఏ పేరుందన్నది తర్వాతి సంగతి.

ఎందుకంటే చాలా విషయాలు నియమాలే తేల్చేశాయి. అంతర్జాతీయ పోటీల్లో పన్నెండు బోరుకు మించిన తుపాకి పనికిరాదు. తూటాలో గుళ్ల బరువు 24.5 గ్రాములు దాటకూడదు, గుండు వ్యాసం 2.6 మిల్లీమీటర్లు మించకూడదు. 28 గ్రాముల తూటాలో గుళ్లు ఎక్కువ కదా అని మీ క్లబ్బులో ఎవరైనా అంటే, నిజమే, ఎక్కువే. కానీ పోటీలో దాన్ని వాడనివ్వరు. పైగా అది భుజాన్ని ఎక్కువ తన్నుతుంది. సాధనలో ఒక బరువు, పోటీలో మరో బరువు వాడితే చేతికి ఏదీ అలవాటు కాదు. గుండు సైజు సంగతికొస్తే, ట్రాప్‌లో పిట్ట, అంటే గాల్లోకి ఎగరేసే గురి బిళ్ల, నీకు దూరమైపోతూ ఉంటుంది కాబట్టి 2.4 మిల్లీమీటర్ల గుండు తగినది. 24 గ్రాములకు అలాంటివి సుమారు 300 వస్తాయి. స్కీట్ అనే మరో పోటీ‌లో పిట్ట దగ్గర్లోనే ఎగురుతుంది, అక్కడ 2 మిల్లీమీటర్లది చాలు. అవి 500 పైచిలుకు వస్తాయి. ఇంగ్లండు, అమెరికా దేశాల వాళ్ల సైజు నంబర్లు ఒకదానితో ఒకటి కలవవు, అందుకని నంబరు చూసి కొనకు. మిల్లీమీటర్లే చూడు.

ఇక వేగం. డబ్బా మీద సెకనుకు 410 మీటర్లని ఉన్నదాన్ని చూస్తే 390 అన్నది నీరసంగా కనిపిస్తుంది. లెక్క వేసి చూడు. వేగంగా బయల్దేరిన గుండును గాలి మరింత గట్టిగా అడ్డుకుంటుంది, అందువల్ల 35 మీటర్లు చేరేసరికి ఆ తేడాలో చాలా భాగం కరిగిపోతుంది. చివరికి మిగిలే లాభం సెకనులో వెయ్యో వంతులు మూడో నాలుగో. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే పిట్టయినా ఆ వ్యవధిలో సుమారు పది సెంటీమీటర్లే కదులుతుంది. గుళ్ల గుంపు ఆ దూరంలో ముప్పాతిక మీటరు వెడల్పున పరుచుకుని ఉంటుంది. ట్రాప్ పిట్టలు ఎక్కువగా నీకు దూరంగా పోయేవే గాని అడ్డంగా పోయేవి కావు కాబట్టి తేడా ఇంకా తక్కువ. ఈ కాస్త లాభానికి ప్రతి తూటాకూ భుజం మీద అదనపు తన్ను భరిస్తావు, రెండో దెబ్బకు తుపాకి ఆలస్యంగా కుదురుకుంటుంది. నా దృష్టిలో ఇది నష్టపు బేరం.

నిలకడ ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకో. సీసంలో యాంటిమనీ తగినంత కలిపితే గుండు గట్టిపడుతుంది. మెత్తటి గుండు పేలుడు ఒత్తిడికి గొట్టంలోనే నొక్కుకుపోయి, బయటికొచ్చాక పక్కకు తప్పుకుంటుంది, గుంపులో ఖాళీలు పడతాయి. 11 సెంటీమీటర్ల పిట్ట ఆ ఖాళీలోంచి చెక్కుచెదరకుండా దాటిపోగలదు. మందు కొలత, లోపలి ప్లాస్టిక్ గిన్నె, వెనక టోపీ కూడా ఒకే తీరుగా ఉండాలి. ఇవేవీ డబ్బా మీది రంగుబొమ్మల్లో కనిపించవు. అందుకని 35 మీటర్ల దూరంలో పెద్ద కాగితం కట్టి, నీ తుపాకితో, నీ గొట్టం మూతి బిగింపైన చోక్‌తో, ఒక్కో రకానికి పదేసి తూటాలు కొట్టు. ముప్పాతిక మీటరు వలయంలో పడ్డ గుళ్లు లెక్కపెట్టు. పదింటిలో మేలైనది చూసి మురిసిపోవద్దు, అన్నిటికన్నా అధ్వాన్నమైనది చూసి తీర్పు చెప్పు. విత్తనాల సంచి మీద లాటు నంబరు చూసినట్టే తూటాల డబ్బా మీదా చూసి, నచ్చినదాన్ని ఒకే లాటులో కొను.

పెద్ద షూటర్లు విదేశీ తూటాలే వాడతారుగా అంటావు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు కైనన్ చెనాయ్, పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధు కలిసి ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచారు. ముగ్గురూ కొట్టింది 375లో 361. ముగ్గురికీ కలిపి తప్పినవి 14 మాత్రమే. ఆ స్థాయిలో ఒక్క నాసి తూటా పతకం రంగు మార్చేయగలదు, ఖరీదైన సరుకుకు అక్కడ న్యాయముంది. రౌండుకు ఏడెనిమిది పిట్టలు తప్పే దశలో నీ లోపం చూపులోనూ తుపాకి తిప్పడంలోనూ ఉంటుంది. దాన్ని సరిదిద్దేది సాధన, సాధనకు కావలసింది తూటాల సంఖ్య. మన దేశంలోని ఖడ్కీ మందుగుండు కర్మాగారం తూటాలు మన లైసెన్సుదారులకు ఎప్పటినుంచో తెలిసినవే. కాగితం పరీక్షలో అవి నెగ్గి, బరువూ సైజూ నియమాలకు లోబడితే కళ్లకద్దుకుని వాడు. పోటీకి వేరే రకం ఎంచుకుంటే మాత్రం చివరి వారాల సాధనంతా దానితోనే జరగాలి.

ఇంట్లో ఉన్న పాత జంటగొట్టం తుపాకులతో ఒక ప్రమాదముంది. వాటిలో కొన్నింటి తూటా గది పొడవు 65 మిల్లీమీటర్లే. 70 మిల్లీమీటర్ల తూటా అందులో సులువుగానే దూరుతుంది, పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీది ముద్ర చదవకుండా ఒక్కటి కూడా వేయవద్దు. మన డెల్టా ఎండలో కారు డిక్కీలో తూటాలు వదిలేయడమూ తప్పే. మందు వేడెక్కితే ఒత్తిడి మారుతుంది, నువ్వు కాగితం మీద చూసుకున్న నిలకడ పోతుంది.

ప్రతిసారీ హైదరాబాదు రేంజికి పోవడం దేనికి, కొల్లేటి గట్టున ఖాళీ చోట సాధన చేస్తే చాలదా అన్న మాట కూడా నీ దాకా వచ్చే ఉంటుంది. అనుమతి లేని చోట కాల్చడం చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, పోటీలో వాడే తూటాతోనే సాధన చేయాలన్నది నా వాదన, ఆ తూటాలో ఉండేది సీసం. 125 పిట్టల పోటీకి రెండేసి దెబ్బల చొప్పున 250 తూటాలు పడితే నేల మీద రాలే సీసం 6 కిలోలు. బాతులు అరుగుదల కోసం ఇసుకరాళ్లు మింగుతాయి, వాటితోపాటు ఈ గుళ్లనూ మింగి విషమెక్కి చస్తాయి. అందుకే ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసపు గుళ్లను నిషేధించింది. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడ మేసే బాతులకు మన సీసపు గుళ్లు పంచవద్దు. ఉక్కు గుళ్లు వాడదామంటే అవి సీసం కన్నా తేలిక, వాటి నడక వేరు, చేతి అలవాటు చెడుతుంది. సాధన రేంజిలోనే చెయ్యి.

ముందు రెండు రకాలు చెరో డబ్బా తెప్పించుకుని కాగితం మీద కొట్టు. ఆ కాగితాలు, లాటు నంబర్లు నాకు పంపు. అవి చూసుకున్నాకే పెద్ద సరుకుకు డబ్బు కట్టు.


మీ పెదనాన్న