ఒకే కాడి క్రింద రెండెడ్లు



కొంతకాలము క్రిందట మా సంఘపు పెద్దలలో నొకరు పొలమునుండి వచ్చి అరుగుమీద కూర్చుండి, మరల లేవలేకపోయిరి. కుడి చేయి, కుడి కాలు పడిపోయెను; మాట పోయెను. ఇంటివారు మరునాటివరకు పసరు వైద్యము చేయించి, తరువాతనే ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఆయన ఇంటికి వచ్చిన పిమ్మట మేము చూడబోతిమి. మంచము చుట్టునున్నవారు, "ఇక ఈయనకేమియు తెలియదండీ అయ్యగారూ" అని ఆయన యెదుటనే చెప్పిరి. మేమును తల ఊపితిమి. సెలవు తీసికొనుటకు ముందు ఒక పాత కీర్తన ఎత్తుకొంటిమి. మంచినీళ్లు కావలెనని అడుగలేని ఆ పెద్దాయన, రెండవ చరణము మాటలతో సహా మాతో పాడిరి! ఇది ఎట్లు కలిగెనో ఈ నెల నేర్చుకొందము.

1. రెండు పాయలు

మేక తలకాయ వండుకొను ఇండ్లలో మెదడును చూడనివారుండరు. నడుమ సాలు తీసినట్లు అది రెండు పాయలుగా నుండును. సుమారు 1,400 గ్రాముల తూకముగల మన మెదడును అట్టిదే. ఎడమ పాయ దేహపు కుడి ప్రక్కను, కుడి పాయ ఎడమ ప్రక్కను నడిపించును. కదలిక నిచ్చు నరపు పోగులలో అధికభాగము మెదడు అడుగున ఇటువి అటు, అటువి ఇటు దాటుటయే దీనికి కారణము.

2. ఎవరి పని వారిది

1861లో పారిస్ నగరమునందు పాల్ బ్రోకా అను వైద్యుడు ఒక రోగిని పరీక్షించెను. ఏమి అడిగినను అతడు "టాన్" అనియే పలుకును. కాని ఇతరులు చెప్పినది చాలవరకు గ్రహించెడివాడు. అతడు చనిపోయిన పిమ్మట చూడగా మెదడు ఎడమ పాయ ముందుభాగము చెడియుండెను. కుడిచేతి వాటము వారిలో నూటికి 90 మందికి పైగాను, ఎడమచేతి వాటము వారిలో సుమారు 70 మందికిని మాటకు ముఖ్యస్థానము ఎడమ పాయయే.

రాగమును, గొంతులోని కోపతాపములను, ఎదుటివారి ముఖమును గుర్తుపట్టుటలో కుడి పాయకు పెద్ద పాలు గలదు. అది దెబ్బతిన్న కొందరు పళ్లెములో కుడి ప్రక్క అన్నము తిని, ఎడమ ప్రక్కది విడిచిపెట్టుదురు. ఇది కంటి లోపము కాదు. ఆ ప్రక్క ఒకటున్నదను ధ్యాసయే తప్పిపోవును.

చిన్ననాటినుండి రాగముతో కలిసి నాటుకొనిన మాటలు, ఎడమ పాయ దెబ్బతిన్నను, రాగము వెంట బయటికి వచ్చుట కలదు. 1973లో బోస్టన్ నగర వైద్యులు ఈ దారినే పట్టి, రాగముతో మాట నేర్పు చికిత్సను వెలువరించిరి.

3. నడిమి వంతెన

రెండు పాయలను సుమారు 20 కోట్ల నరపు పోగులు కలుపుచున్నవి. తీవ్రమైన మూర్ఛ తగ్గించుటకు ఈ వంతెనను కోయించుకొనిన కొందరిని రోజర్ స్పెర్రీ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించెను. చూడకుండ ఎడమ చేతితో తడిమిన వస్తువు పేరు వారు చెప్పలేకపోయిరి. అయినను ఆ చేతితోనే దానిని పలు వస్తువులలోనుండి ఏరి తీసిరి. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమానము లభించెను.

లెక్కలవాడు ఎడమ మెదడువాడనియు, పాటగాడు కుడి మెదడువాడనియు కొందరు చెప్పుదురు. అది సరికాదు. దాపటెద్దు పని వేరు, వలపటెద్దు పని వేరు. అయినను ఒక్క ఎద్దుతో అరక సాగదు.

4. మనము చేయవలసినది

మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయుడి. అది మొదలైన గడియను గుర్తుంచుకొనుడి. నోట ఏమియు పోయకుడి. రక్తపు గడ్డ అడ్డుపడినదైతే దానిని కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలెను. పసరు కొరకు పోయిన రాత్రి తిరిగి రాదు.

మాట పోయినవారికి తెలివి పోయినదని తలంచకుడి. వారిని గూర్చి కాక, వారితోనే మాటలాడుడి. చిన్న మాటలతో నెమ్మదిగా అడిగి, తల ఊపి జవాబు చెప్పుటకు వ్యవధి నియ్యుడి.

ఆ పెద్దాయన ఇప్పుడు మరల వచ్చి తన చోట కూర్చుండుచున్నారు. ఆయన మాటలు నేటికిని కొన్నియే. ఆ దినమున తల ఊపినందుకు మేము ఆయనను క్షమాపణ వేడుకొంటిమి. ఆయన అంతయు వినిరి; ఎడమ చేతితో మా చేయి పట్టుకొనిరి.

ఆలోచించుడి: మన వీధిలో మాట పోయి మంచము పట్టినవారెవరు? వారితో మనము చివరిసారి మాటలాడినది ఎప్పుడు?