క్రియాటినిన్ గ్రాఫు గీసేవారికి

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా కంచిలి, కవిటి, సోంపేట మండలాల్లో, రక్తపరీక్షలో కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ అన్న మాట చదువు రానివాళ్ల నోటా వినిపిస్తుంది. ఆ అంకెల్ని ఎక్సెల్‌లో ఎక్కించి ఉన్నదున్నట్టు గ్రాఫు గీస్తే అసలు నష్టం కంటికి ఆనదు. 1 నుంచి 2కి పెరిగినా, 4 నుంచి 5కి పెరిగినా గీత లేచేది ఒకే ఎత్తు. కానీ 2కి చేరేసరికే కిడ్నీ వడపోత ఇంచుమించు సగం పోయి ఉంటుంది. 1ని క్రియాటినిన్‌తో భాగించి గీస్తే ఆ పతనం తెలుస్తుంది: 1, 0.5, 0.25, 0.2. ఈ పద్ధతి 1976లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది.

చేయవలసినవి

భాగహారాన్ని షీటులో కాకుండా ఒక పేరులో పెట్టండి. ఫార్ములాస్‌లో నేమ్ మేనేజర్ తెరిచి, కొత్త పేరిచ్చి, 1ని క్రియాటినిన్ గడులతో భాగించే సూత్రం రాయండి. గడుల చిరునామాల్లో డాలర్ గుర్తులు తప్పనిసరి. తర్వాత గ్రాఫు సెలెక్ట్ డేటాలో, సిరీస్ వ్యాల్యూస్ దగ్గర ఫైలు పేరు, ఆశ్చర్యార్థకం, ఆపైన మీరిచ్చిన పేరు రాయండి. గడి ఖాళీగా ఉంటే ఎన్ఏ రావాలని సూత్రంలోనే షరతు పెట్టండి. లేకపోతే పరీక్ష చేయించని నెలలో గీత సున్నాకు పడిపోయి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది.

తేదీల్ని తేదీలుగానే ఎక్కించి స్కాటర్ గ్రాఫు గీయండి. పరీక్షల మధ్య ఎడం ఒకోసారి నెల, ఒకోసారి ఆరు నెలలు కదా. "గీత దిగితే జబ్బు ముదిరినట్టు" అని గ్రాఫు మీదే రాయండి.

చేయకూడనివి

ల్యాబ్ అంకెల పక్కన లెక్కకట్టిన వరుస చేర్చకండి. అందులోని 0.5ని ఎవరైనా క్రియాటినిన్ అనుకుంటే, ముదిరిన జబ్బు ఆరోగ్యంలా కనిపిస్తుంది. ఇంతకు మించిన ప్రమాదం లేదు.

మిల్లీగ్రాముల రిపోర్టునూ మైక్రోమోల్ రిపోర్టునూ కలపకండి. వాటి మధ్య తేడా 88.4 రెట్లు.

గ్రాఫును వర్డ్‌లోకో పవర్‌పాయింట్‌లోకో మామూలుగా అతికించి పంపకండి. దాని వెనుక వర్క్‌బుక్ మొత్తం, పేర్లూ ఆధార్ నంబర్లతో సహా, వెళ్లిపోవచ్చు. బొమ్మగా మాత్రమే అతికించండి.

ఒక్క చుక్కను చూసి మందులు మార్చకండి. ఎండలో తోటపని చేసి, సరిగా నీళ్లు తాగకుండా పరీక్షకు రక్తమిచ్చినా క్రియాటినిన్ పెరుగుతుంది. దీర్ఘకాలిక జబ్బని తేల్చడానికి లోపం మూడు నెలలకు పైగా కనిపించాలి. 2023 డిసెంబరులో ప్రారంభమైన పలాస కిడ్నీ ఆస్పత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా, గ్రాఫుతో పాటు ల్యాబ్ కాగితాలన్నీ తీసుకెళ్లండి.