వర్ణగ్రహణము: మనుష్యుని కన్నును జంతువుల కన్నును

1. సూరత్ రంగులమీద బ్రతుకు నగరము. అచ్చటి అద్దకపు మిల్లులలో చీరెల గుడ్డకు పెక్కురంగులు వేయబడుచున్నవి. లింబాయత్ మొదలగు పేటలలో కరీంనగరము, వరంగల్లు ప్రాంతములనుండి వలసపోయిన పద్మశాలీలు మరమగ్గములయొద్ద పనిచేయుచున్నారు. ప్రపంచమున సానబట్టబడు వజ్రములలో అధికభాగము ఈ నగరముననే సానబట్టబడుచున్నది. తెల్లని వజ్రమున పసుపుఛాయ యించుక హెచ్చినను వెల తగ్గును. ఇట్టి సూక్ష్మభేదములను కనిపెట్టు శక్తి మనుష్యులందఱికిని సమానముగా లేదు. జంతువులకు రంగులు వేఱొక తీరున గోచరించును. ప్రజారోగ్య కార్యములలో రంగుగుర్తులను వాడు ఉద్యోగులు ఈ భేదము నెఱుగకున్నయెడల ప్రాణహాని కలుగవచ్చును.

2. కంటి పని. వస్తువునుండి వచ్చు వెలుతురును కంటి వెనుకపొరలోని శంకుకణములు గ్రహించి మెదడునకు తెలియజేయును. మనుష్యునికి ఈ కణములు మూడువిధములు. వెలుతురు అలల పొడవును నానోమీటర్లలో, అనగా మీటరులో నూరుకోట్లవ వంతులలో, కొలిచినచో ఇవి సుమారు 420, 530, 560 నానోమీటర్లయొద్ద మిక్కిలి చుఱుకుగా నుండును. ఒక్క సాక్షి వాఙ్మూలముతో తగవు తేలనట్లే, ఒక్కవిధపు కణముతో రంగు తేలదు. మూడింటి వార్తలను పోల్చియే మెదడు రంగును నిర్ణయించును. మసకచీకటిలో శంకుకణములు పనిచేయవు గనుక అప్పుడు రంగులు తెలియవు.

3. జంతువుల చూపు. కుక్కలకును పశువులకును శంకుకణములు రెండేవిధములు. ఎఱ్ఱగుడ్డను చూచి ఎద్దు రేగునను మాట సరికాదు. గుడ్డ కదలికయే దానిని రేపును. పెక్కు పక్షులకు నాలుగువిధముల కణములు కలవు. తేనెటీగకు ఎఱుపు దాదాపుగా తెలియదు. మన కంటికి అందని అతినీలకిరణములు దానికి కానవచ్చును.

4. ఎలుక. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పొడచూపినప్పుడు లక్షలకొలది జనులు నగరమును విడిచి పోయిరి. ఎలుకలయందలి ప్లేగు వాని గోమారులద్వారా మనుష్యులకు సంక్రమించును. ఊపిరితిత్తులకు సోకినచో మనుష్యునినుండి మనుష్యునికి నేరుగా వ్యాపించును. కావున ఎలుకల నివారణ పురపాలకసంఘముల ముఖ్యకార్యములలో నొకటి. ఎలుకకు రెండువిధముల శంకుకణములే కలవు: ఒకటి 359, రెండవది 510 నానోమీటర్ల ప్రాంతమున చుఱుకైనది. కావున అతినీలకిరణములు దానికి తెలియును. ఎఱుపు మిక్కిలి మసకగా తోచును. రాత్రివేళ ఎలుకల రాకపోకలను పరిశీలించువారు మందమైన ఎఱ్ఱదీపమును వాడినచో అవి అంతగా బెదరవు. విషపు ఎఱలకు వేయు రంగు ఎలుకకొఱకు గాక మనుష్యుల హెచ్చరికకొఱకు ఏర్పడినది. ఎలుక ముఖ్యముగా వాసనను, రుచిని బట్టి తినును. అయితే ఆ హెచ్చరిక పసిబిడ్డకు తెలియదు. రంగు ఎఱ వానికి మిఠాయివలె తోచవచ్చును.

5. వర్ణాంధత. కొందఱికి పుట్టుకతోనే ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియదు. దీనికి కారణమగు జన్యువులు ఎక్స్ క్రోమోజోమునందున్నవి. పురుషునికి ఆ క్రోమోజోము ఒక్కటే గనుక ఈ లోపము పురుషులలోనే హెచ్చు. ఉత్తర ఐరోపాజాతుల పురుషులలో నూటికి సుమారు ఎనమండుగురకును, స్త్రీలలో రెండువందలకొకరికిని ఇది కలదు. లోపము గలవారిలో పెక్కుమంది దానిని తామే యెఱుగరు. 1875లో స్వీడను దేశమున లాగర్లుండాయొద్ద రెండు రైళ్లు ఢీకొనెను. వర్ణాంధతయే దానికి కారణమని హోమ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞుడు తలంచెను. అది నిస్సంశయముగా రుజువు కాకున్నను, ఆయన ఏర్పఱచిన రంగునూలు పరీక్ష రైల్వేలలో ప్రవేశపెట్టబడెను. 1917లో జపానుదేశపు వైద్యుడు ఇషిహారా చుక్కల పటములను ప్రకటించెను. అవి నేటికిని వాడుకలో నున్నవి.

6. ఉద్యోగులు గమనింపవలసినవి.

(అ) ఆసుపత్రి వ్యర్థములకు 2016 నాటి నియమములు పసుపు, ఎఱుపు, తెలుపు, నీలము రంగులను నిర్ణయించినవి. సంచులమీద రంగుతోపాటు పెద్ద అక్షరములును, బొమ్మగుర్తును ఉండవలెను. వలసకూలీలు గల పేటలలో వారి భాషలోను వ్రాయించుట మేలు.

(ఆ) త్రాగరాని నీటి కుళాయికి ఎఱ్ఱరంగు మాత్రమే వేసి ఊరకుండరాదు; అడ్డగీతతో గూడిన బొమ్మయు ఉంచవలెను.

(ఇ) విషపు ఎఱను బిడ్డల చేతికందని తావున, తాళము వేసిన పెట్టెలో ఉంచవలెను.

(ఈ) రంగులను గుర్తింపవలసిన పనులకు నియమించుటకు ముందు పనివారిని పగటివెలుతురున పటములతో పరీక్షింపజేయవలెను. లోపము గలవారిని అవమానింపక తగిన వేఱుపని ఇయ్యవలెను.

ఒక గుర్తు రంగు లేకున్నను అర్థమగునేని అది అందఱికిని పనికివచ్చును. రంగు మాసినను, దీపము మందగించినను, చూచువాని కంట లోపమున్నను అట్టి గుర్తు ప్రాణమును కాపాడును.