ఒక్క ఆదివారం చాలదు

అది ఒక చిన్న పట్టణం. పట్టణం చివర ఒక కాలనీ ఉంది. అక్కడ మగవాళ్లలో ఎక్కువమంది తాపీ పనికి పోతారు, లేదా ఆటో తోలతారు. ఆడవాళ్లలో కొందరు ఇళ్లలో పని చేస్తారు. కొందరు కూలికి పోతారు. కొందరు బట్టల కొట్లలో పని చేస్తారు.

కాలనీ మధ్యలో మునిసిపాలిటీ పార్కు ఉంది. పేరుకే అది పార్కు. గేటు విరిగిపోయింది. ఉయ్యాల గొలుసు తెగిపోయింది. మోకాలి ఎత్తున వయ్యారిభామ మొక్కలు పెరిగాయి. గోడ పక్కన చెత్త కవర్లు కుప్పలుగా పడి ఉన్నాయి. ఒక మూల పగిలిన సీసాలు. పాత టైర్లలో వాన నీళ్లు. ఆ నీళ్లలో దోమ పిల్లలు.

పిల్లలకు ఆడుకునే చోటు లేదు. రోడ్డు మీద ఆడుతున్నారు. పోయిన వానాకాలంలో పార్కు వెనక వీధిలో ఇద్దరు పిల్లలకు డెంగీ జ్వరం వచ్చింది. ఒక పాపను పది రోజులు ఆస్పత్రిలో ఉంచారు. వాళ్లమ్మకు పది రోజుల కూలి పోయింది. పొదుపు సంఘంలో అప్పు చేసింది. ఆ అప్పు ఇంకా తీరలేదు.

కాలేజీ పిల్లలు వస్తామన్నారు

పొదుపు సంఘం లీడరు కూతురు డిగ్రీ చదువుతోంది. కాలేజీలో జాతీయ సేవా పథకంలో చేరింది. దాన్నే అందరూ ఎన్.ఎస్.ఎస్. అంటారు. గాంధీజీ నూరేళ్ల పండుగ జరిగిన 1969లో, సెప్టెంబరు 24న ఆ పథకం మొదలైంది. మొదట 37 విశ్వవిద్యాలయాల్లో పెట్టారు. తరువాత దేశమంతటా వ్యాపించింది. చదువుకునే పిల్లలు జనంలోకి పోయి సేవ చేయాలని దాన్ని పెట్టారు. “నేను కాదు, నువ్వు” అనేది వాళ్ల నినాదం. తన సుఖం కన్నా ఎదుటివాళ్ల మేలు ముందు చూడాలని దాని అర్థం.

సంఘం మీటింగు రోజు ఆ అమ్మాయి వచ్చింది.

“మా కాలేజీ నుంచి ముప్పై రెండు మందిమి వస్తాం. ఆదివారం మన పార్కు శుభ్రం చేస్తాం” అంది.

అందరూ సంతోషించారు. పాలు పోసే అవ్వ మాత్రం తల అడ్డంగా ఊపింది.

“రెండేళ్ల కింద కూడా ఎవరో పిల్లలు వచ్చారు తల్లీ. పాపం, ఎండలో చెమటోడ్చి ఊడ్చారు. అద్దంలా చేసి పోయారు. నెల తిరిగిందో లేదో మళ్లీ అదే కంపు. మీరు ఊడవడం, మేం పోయడం. ఎన్నాళ్లిట్లా?”

అమ్మాయి ముఖం చిన్నబోయింది. “అయితే రావద్దంటావా అవ్వా?”

“రావద్దని ఎవరన్నారు? చెత్త ఎందుకు పడుతోందో ముందు తేల్చండి. ఆ తరువాత చీపురు పట్టండి” అంది అవ్వ.

చెత్త ఎక్కడి నుంచి వస్తోంది?

మరునాడు ఆ అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. చెత్త ఎక్కడ వేస్తున్నారని అడిగింది. మొదట ఎవరూ చెప్పలేదు. కింది వీధి వాళ్లు పై వీధి వాళ్ల పేరు చెప్పారు. పై వీధి వాళ్లు కింది వీధి వాళ్ల పేరు చెప్పారు. చివరికి ఇళ్లలో పని చేసే ఒకామె ఉన్న మాట చెప్పింది.

“దాచేదేముంది అమ్మాయ్? నేనే వేస్తున్నా. చెత్తబండి తొమ్మిదింటికి వస్తుంది. నేను ఆరున్నరకే పనికి పోతా. ఇంట్లో ఎవరూ ఉండరు. చేపలు కడిగిన చెత్త సాయంత్రం దాకా ఉంచితే పురుగు పడుతుంది. పోతూ పోతూ గోడ మీంచి విసిరేస్తా. నాకు మాత్రం ఇష్టమా?”

“నిజం చెప్పావు పిన్నీ” అని ఆ అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆమె చెప్పాక మిగతావాళ్లూ నోరు విప్పారు. లెక్క తేలింది. పార్కు చుట్టూ 40 ఇళ్లు ఉన్నాయి. చెత్తబండి వచ్చే వేళకు 26 ఇళ్లలో ఎవరూ ఉండరు. కొబ్బరి బోండాల బండి అతను బొచ్చెలు పార్కులోనే వేస్తున్నాడు. రాత్రిపూట తాగేవాళ్లు సీసాలు పగలగొట్టి పోతున్నారు.

సంగతి అర్థమైంది. ఇది బద్ధకం కాదు. బండి వేళకూ పని వేళకూ పొత్తు కుదరడం లేదు.

అర్జీ రాశారు

“బండి ముందుగా వస్తే మనం గోడ మీంచి వేయం. మునిసిపాలిటీని అడుగుదాం” అంది లీడరు.

“మన మాట వాళ్లు వింటారా అక్కా?” అని ఒకామె అంది.

కాలేజీ అమ్మాయి ఇలా చెప్పింది: “రాజ్యాంగానికి 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన 18 పనుల పట్టిక అందులో ఉంది. చెత్త ఎత్తడం, పార్కులు, ఆటస్థలాలు ఆ పట్టికలో ఉన్నాయి. కాబట్టి మనం అడిగేది దానం కాదు. వాళ్లు చేయవలసిన పనే అడుగుతున్నాం. అర్జీ నేను రాసిస్తా.”

“వద్దులే. మేమే రాస్తాం. తప్పులుంటే నువ్వు చెప్పు” అంది లీడరు.

గోడ మీంచి చెత్త వేసేదాన్నని ఒప్పుకున్న ఆమే కలం పట్టుకుంది. ఏడాది కిందట ఆమె వేలిముద్ర వేసేది. ఆమె రాసిన అర్జీ ఇది.

“మునిసిపల్ కమిషనరు గారికి, కాలనీ మహిళలు రాసుకున్న అర్జీ.

అయ్యా, మా కాలనీకి చెత్తబండి తొమ్మిది గంటలకు వస్తోంది. అప్పటికి మేము పనులకు పోతున్నాము. పార్కు చుట్టూ ఉన్న 40 ఇళ్లలో 26 ఇళ్లకు తాళం ఉంటోంది. అందువల్ల చెత్త పార్కులో పడుతోంది. దోమలు పెరిగి పిల్లలకు జ్వరాలు వస్తున్నాయి.

1. చెత్తబండి ఉదయం ఆరు గంటలకు పంపండి.
2. ఆదివారం విద్యార్థులతో కలిసి మేము పార్కు బాగు చేస్తాము. అనుమతి ఇవ్వండి. పోగు చేసిన చెత్త ఎత్తడానికి ట్రాక్టరు పంపండి.
3. పార్కు గేటు, ఉయ్యాల బాగు చేయించండి.

ఇట్లు, కాలనీ మహిళలు.”

కింద అందరూ సంతకాలు చేశారు. అవ్వ తన పేరు రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.

అర్జీకి రెండు ప్రతులు తీశారు. ఒకటి ఆఫీసులో ఇచ్చారు. రెండోదాని మీద తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకుని తెచ్చుకున్నారు. ముద్ర ఉంటే, ఇచ్చిన అర్జీ అందలేదని ఎవరూ అనలేరు. ట్రాక్టరు పంపుతామని ఆఫీసులో చెప్పారు. బండి సంగతి మాత్రం “చూస్తాం” అన్నారు.

ఆదివారం పని

ఉదయం ఆరింటికే విద్యార్థులు వచ్చారు. ఎండ ముదరకముందే, తొమ్మిదిన్నరకల్లా పని ముగించాలనుకున్నారు. కాలనీ నుంచి ఇరవై మంది ఆడవాళ్లు, కొందరు మగవాళ్లు కలిశారు. పారలు, కొడవళ్లు, తట్టలు, గోనెసంచులు, ఈనెల చీపుర్లు తెచ్చారు. అందరూ చెప్పులు కాకుండా బూట్లు వేసుకున్నారు. లేనివాళ్లు నడిచే దారులు ఊడ్చారు. నాలుగు జట్లుగా విడిపోయారు.

మొదటి జట్టు మొక్కలు పీకింది. పొదలో చేయి పెట్టే ముందు కర్రతో తట్టి చప్పుడు చేశారు. పాములుంటే పక్కకు పోతాయి. వయ్యారిభామ మన నేల మొక్క కాదు. 1955 ప్రాంతంలో పూనాలో మొదట కనిపించింది. తరువాత దేశమంతా పాకింది. దీని పుప్పొడి వల్ల కొందరికి దురద, తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. ఒక్కో మొక్కకు వేల విత్తనాలు కాస్తాయి. పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. వట్టి చేతులతో ముట్టుకోకూడదు. చేతికి తొడుగులు వేసుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పూసిన మొక్కలను దులపకుండా సంచిలో వేయాలి.

రెండో జట్టు గాజు పెంకులు, సీసాలు, ఇనుప ముక్కలు ఏరింది. వీటిని పిల్లల చేత ఏరించలేదు. గాజు పెంకులను మందపాటి అట్టపెట్టెలో వేశారు. కవరులో వేస్తే చెత్త ఎత్తే కార్మికుల చేయి తెగుతుంది. ఒక విద్యార్థికి ఇనుప ముక్క గీసుకుంది. సబ్బుతో కడిగి, ధనుర్వాతం రాకుండా సూది వేయించడానికి ఆస్పత్రికి పంపారు.

మూడో జట్టు నీటి నిల్వలు చూసింది. టైర్లు, కొబ్బరి బొచ్చెలు, డబ్బాలు బోర్లించి తీసేసింది. డెంగీ దోమ మురికి కాలువ దోమ కాదు. నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేయాలి. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఎండినా నెలల తరబడి చావవు. వట్టిగా పారబోస్తే చాలదు. పీచుతో తోమాలి.

నాలుగో జట్టు ఎండుటాకులు పోగు చేసింది. ఒకతను అగ్గిపుల్ల గీయబోయాడు. అవ్వ వారించింది. ఆకులు కాలిస్తే పొగ వస్తుంది. అందులో కవర్లు కలిస్తే విషపు పొగ వస్తుంది. ఒక మూల మూడడుగుల గొయ్యి తీసి ఆకులు నింపారు. పైన మట్టి, పేడనీళ్లు చల్లారు. తడి ఆరకుండా చూస్తే కొన్ని నెలలకు ఎరువు అవుతుంది.

పని అయ్యాక అందరూ మజ్జిగ తాగారు. ట్రాక్టరు రెండుసార్లు చెత్త ఎత్తింది. సాయంత్రం పార్కు నిండా పిల్లలే.

సోమవారం ఏమైంది?

సోమవారం చెత్తబండి మళ్లీ తొమ్మిదింటికే వచ్చింది. గోడ పక్కన ఏడు కవర్లు పడ్డాయి.

“చెప్పానా?” అంది అవ్వ. కానీ ఊరుకోలేదు. ముద్ర వేసిన అర్జీ పట్టుకుని, లీడరుతో కలిసి ఆఫీసుకు పోయింది. వారం తరువాత మళ్లీ పోయారు. అప్పటిదాకా పొద్దున ఇంట్లో ఉండే పద్నాలుగు ఇళ్లవాళ్లు, పనికి పోయేవాళ్ల చెత్తబుట్టలు తమ గుమ్మం ముందు పెట్టించుకున్నారు. బండి రాగానే వాళ్లే ఇచ్చేవారు.

మూడోసారి పోయి వచ్చాక బండి ఆరుంబావుకు రావడం మొదలైంది. గోడ పక్కన కవర్లు పడడం ఆగింది. బోండాల బండి అతను బొచ్చెలు సంచిలో కట్టి ఇస్తున్నాడు. ప్రతి శుక్రవారం తొట్లు తోముతున్నారు. నెలకొకసారి విద్యార్థులు వచ్చి కొత్తగా మొలిచిన వయ్యారిభామ పీకుతున్నారు.

ఉయ్యాల ఇంకా బాగు కాలేదు. రాత్రిపూట సీసాలు ఇంకా పడుతున్నాయి. దానికి రెండో అర్జీ రాస్తున్నారు.

గుర్తుంచుకుందాం

• ఊడ్చే ముందు చెత్త ఎందుకు పడుతోందో తెలుసుకోవాలి.
• ఒకరినొకరు తిట్టుకుంటే కారణం తెలియదు. ఉన్న మాట చెప్పుకుంటే తెలుస్తుంది.
• అర్జీకి రెండో ప్రతి ఉంచుకోవాలి. తేదీ, ముద్ర వేయించుకోవాలి.
• పాము కాటు వేస్తే కోయకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు. కాటు పడిన కాలు, చేయి కదలనివ్వకూడదు. 108కి ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

చర్చించండి

1. మీ వీధికి చెత్తబండి ఎప్పుడు వస్తోంది? ఆ వేళకు ఎంతమంది ఇంట్లో ఉంటున్నారు?
2. పార్కులో సీసాలు పడకుండా ఈ మహిళలు ఏం చేయాలి?

రాయండి

మీ వీధిలో బాగుపడవలసిన ఒక పని గురించి అయిదు వాక్యాలలో అర్జీ రాయండి. కింద మీ సంతకం చేయండి.