రెండు కార్ఖానాలు, ఒక పనుల వరుస

ఒకే వస్తువు రెండు కార్ఖానాల చేతులు మారి తయారగునప్పుడు, ఏ పనిని ముందు చేపట్టవలెనను ప్రశ్న ఆ రెండింటికిని సంబంధించినది. దీనిని ఒక ఊహా ఉదాహరణముతో పరిశీలింతము. మొదటి కార్ఖానాలో ఇనుము పోతపోయుదురు. రెండవదానిలో ఆ పోతను లేత్ మీద చెక్కి సిద్ధము చేయుదురు. నాలుగు ఆర్డర్లు ఈ క్రమమున వచ్చినవి: కప్పీలకు పోత 5 దినములు, లేత్ పని 2, బుష్షులకు పోత 1, లేత్ పని 6, పంపు భాగములకు 9, 7, గేరు చక్రములకు 3, 8. ఒక ఆర్డరు పోత పూర్తిగా ముగిసిన పిమ్మటనే దాని లేత్ పని మొదలగుననియు, ఏ కార్ఖానాయు ఒకేసారి రెండు ఆర్డర్లు పట్టదనియు అనుకొందము.

వచ్చిన వరుసలోనే చేసినచో అన్నియు ముగియుటకు 30 దినములు పట్టును. లేత్ కార్ఖానా మొదట 5 దినములు ఖాళీగా ఉండి, పంపు భాగముల పోత కొరకు నడుమ మరల 2 దినములు ఎదురుచూచును.

1954లో ఎస్. ఎం. జాన్సన్ అను అమెరికా గణితజ్ఞుడు ఇట్టి సమస్యకు ఒక సులభ సూత్రమును ప్రకటించెను. అన్ని అంకెలలో అతి చిన్నదానిని వెదుకవలెను. అది పోతకు చెందినదైనచో ఆ ఆర్డరును వరుసలో ముందు, లేత్ పనికి చెందినదైనచో చివర ఉంచవలెను. మిగిలిన వానితోను అట్లే. మన ఉదాహరణమున బుష్షులు, గేరు చక్రములు, పంపు భాగములు, కప్పీలు అను వరుస వచ్చును. 24 దినములలో పని ముగియును. లేత్ పనియే మొత్తము 23 దినములు; దానికి ముందు ఒక దినమైనను పోత తప్పదు. కనుక 24కు లోపల ముగించుట అసాధ్యము. విద్యార్థులు గీతల కాగితముపై గీసి సరిచూచుకొనవచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. పోత కార్ఖానా ఏ వరుసలోనైనను 18వ దినముననే తన పని ముగించును. మిగిలిన 6 దినముల లాభము లేత్ యజమానిదే. కప్పీలు కోరినవానికైతే నష్టము: 7వ దినమున అందవలసిన సరకు 24వ దినమున అందును. ఆర్డరు పుచ్చుకొన్నది పోత కార్ఖానా అయినచో అతడు వచ్చి నిలదీయునది దానినే.

బుష్షులు, కప్పీలు, గేరు చక్రములు, పంపు భాగములు అను వరుసను కూడ చూతము. మొత్తము 25 దినములు; కప్పీలు 9వ దినముననే సిద్ధము. ఒక్క దినము వదలుకొనినచో ఒక మాట నిలుచును. నిర్ణయమునకు తోడ్పడు కంప్యూటరు పద్ధతుల అసలు ఉపయోగము ఇదియేనని మేము తలచెదము: ఒక్క ఉత్తమమైన వరుసను చేతికిచ్చుట కాదు, ఏ వరుసలో ఎవరికెంత కష్టమో ఇరువురి యెదుట పరచుట. నాలుగు ఆర్డర్లకు వరుసలు 24 మాత్రమే, పదింటికి 36,28,800. మూడవ కార్ఖానా చేరినచో ఈ సమస్య అత్యంత కఠినమైన లెక్కల తరగతికి చెందునని 1976లో గేరీ, జాన్సన్, సేథీలు నిరూపించిరి (ఈ జాన్సన్ వేరొకరు).

యంత్రమెంత గొప్పదైనను, పోత యజమాని తన దినములను నిజముగా చెప్పినప్పుడే ఈ లెక్క నిలుచును. తనకు లాభము లేని లెక్కకు అతడు నిజమేల చెప్పును? అందుచేత లెక్కకు కూర్చొనుటకు ముందే, మిగులు దినముల లాభములో పోత కార్ఖానా వాటా ఎంతయో ఇరువురును వ్రాసికొనవలెను.