పద్దులో పడని ఖర్చు

మదనపల్లె

మేనల్లుడా,

బెంగళూరు ఉద్యోగం మాని, పుంగనూరు దగ్గరి మన మూడెకరాల్లో టమాటా పెడతానని రాశావు. సంతోషం. నువ్వు పంపిన లెక్కల కాగితం రెండుసార్లు చదివాను. నారు, ఎరువు, మందు, కట్టెలు, కూలి, మండీ కమీషను అన్నీ ఉన్నాయి. నీళ్ల ఎదురుగా మాత్రం సున్నా వేశావు. కరెంటు ఉచితమనేగా?

మీ అమ్మ ఈత నేర్చుకున్న బావిలో ఇప్పుడు తుమ్మచెట్టు మొలిచింది. పక్కన వేసిన బోరు వెయ్యి అడుగులు దాటింది. ప్రపంచ సగటు తీస్తే, వాననీళ్లూ, కాలుష్యాన్ని పలచన చేసేందుకు పట్టే నీళ్లూ కలుపుకుని కిలో టమాటాకు 214 లీటర్లు పడతాయట. ఆ లెక్కన టన్ను కాయ ఢిల్లీ లారీ ఎక్కిందంటే, కరువుసీమ నుంచి రెండు లక్షల లీటర్ల పైచిలుకు నీళ్లు వెళ్లిపోయినట్టే.

డ్రిప్ వేస్తానంటావు, వెయ్యి. 1990ల్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం చూసొచ్చి నేనూ వేశాను. మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరా తడిపాను. బోరుకు ఒరిగిందేమీ లేదు. కాలువ వచ్చిందిగా అంటావేమో. 2025లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్లు కుప్పం దాకా వచ్చాయి. నాకూ కళ్లు చెమర్చాయి. కానీ అవి శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన నీళ్లు. ఆ జలాశయంలో వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్ల ఖరీదు ఎవరి పద్దులో రాశారు?

పద్దులో పడనివి నీళ్లొక్కటే కాదు. కాయలు కోసే ఆడవాళ్ల చేతులు ఒకసారి దగ్గరగా చూడు. ఆకు పసరు అంటి అరచేతులు నల్లబడతాయి, సబ్బుకు పోదు. ఆ చేతులతోనే అన్నం తినాలి. మగకూలి కన్నా వాళ్లకిచ్చేది తక్కువ. సాళ్లపై పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు నష్టమూ పద్దులో పడదు. పంట అయ్యాక దున్నితే ముక్కలై మట్టిలో కలుస్తుంది. మన చేలో నేను ఏరిన ముక్కలే రెండు బస్తాలయ్యాయి.

ఇంత చేసినా ధర నీ చేతిలో ఉండదు. 2023 జులైలో ఇక్కడ కిలో రెండొందలకు చేరువైంది. సెప్టెంబరుకల్లా పది రూపాయల చుట్టుపక్కలకు పడిపోయింది.

టమాటా వద్దనను. ఒక్క ఎకరాలో పెట్టు. మిగతా రెండెకరాల్లో వానకు పండే వేరుశెనగ, కంది, రాగి వెయ్యి. పుంగనూరు ఆవును ఒకదాన్ని తెచ్చుకో. పొట్టిగా ఉండే ఆ జీవం పిడికెడు మేతతో కరువును ఈదుతుంది, పేడ నేలకిస్తుంది. పూడిన కుంటను ముందు తవ్వించు. ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వు.

ఆ కాగితం మళ్లీ రాసి పంపు. ఈసారి నీళ్ల ఎదురుగా సున్నా ఉండకూడదు.

ఇట్లు,
మీ మామయ్య